మార్జిన్

ఆస్పత్రిలో దుప్పట్లు మడతపెట్టే మనిషిని నేను.
తెలుగొచ్చినదాన్నని
అప్పుడప్పుడూ నాలుగో అంతస్తుకి పిలుస్తారు.
డాక్టరమ్మ అరబ్బీలో పది మాటలంటే
ఒక్కటి చేసి చెప్పేదాన్ని:
"ఆపరేషనంటమ్మా, సంతకం పెట్టు."
పెట్టేవారు.
దయే అనుకునేదాన్ని దాన్ని.

ఇవాళ ఓబుళమ్మ, రాయచోటి మనిషి.
ఫర్వానియాలో అబాయాలు కుడుతుంది.
మెడలో టేపు, తియ్యడం మర్చిపోయినట్టుంది.

డాక్టర్ హనాన్ కాగితం మీద రొమ్ము గీసి
ఒక చుక్క పెట్టింది.
గడ్డ వరకే తీస్తే
ఆపైన వారాల తరబడి రోజూ కరెంటు.
లేదా, మొత్తం తీసెయ్యడం.
"ఈమెకి ఎలాగైనా ఆయుష్షు ఒకటే.
ఏది కావాలో అడుగు."

అడుగు.
పద్దెనిమిదేళ్ళయింది కువైటొచ్చి,
ఆ మాట నన్నెవరూ అడగలేదు,
నా నోట తిరగలేదు.
"నీకేం కావాలంటున్నారు..."
తప్పు చెప్పానేమోనని చూసింది ఓబుళమ్మ.
"సదివినామె గదా, ఆమెనే చెప్పమనుక్కా."

డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టింది.
"కొయ్యడం నాకు తెలుసు.
ఆమెకి రోజు ఎలా గడుస్తుందో తెలీదు."
ఈసారి ఒక్క ముక్కా మింగలేదు నేను.

చాలాసేపు కాగితమే చూసింది.
గరుకు వేలొకటి చుక్క చుట్టూ తిరిగింది.
"ఎంత మార్జిన్ పెట్టి కోస్తారు?"
అరబ్బీలో దాన్నేమంటారో నాకు రాదు,
మార్జిన్ అనే అన్నాను.
డాక్టరమ్మ చప్పున తలెత్తింది.
వాళ్ళదీ అదే మాటట!

ఇక ఆగలేదు ఓబుళమ్మ.
అంచు బాగలేకపోతే ఇప్పి మళ్ళా కొయ్యల్లనా?
ఒక్కోసారి, అవును.
సంకలో గూడా కోస్తారా? సెయ్యి వాస్తాదా?
నా పక్క మిషన్ పిల్ల వాళ్ళమ్మకి వాచిందంట,
మోటర్ల మిషన్ గాదు నాది,
కుడిచేత్తో సక్రం తిప్పల్ల.
కరెంటుకి పొద్దన్నే వస్తే
పదికి షాపు కాడికి పోవచ్చునా?

కొన్నిటికి డాక్టరమ్మ దగ్గర జవాబుంది.
కొన్నిటికి "కనుక్కుంటాను" అని రాసుకుంది.
రోగి అడిగింది రాసుకోవడం
నేను చూడలేదెప్పుడూ.

"బేస్తవారం చెప్తా" అని
కాగితాన్ని కొలత చీటీలా మడిచి
పర్సులో పెట్టుకుంది.
లిఫ్టు దగ్గర, "నువ్వయితే ఏం జేస్తావక్కా?"
నోరు తెరిచాను, పాత అలవాటు.
మూసుకున్నాను.
"బేస్తవారం నేనూ వస్తాలే" అన్నాను.

కింద, దుప్పట్ల గదిలో
తుని సుగుణ గుర్తొచ్చింది.
పోయినేడు.
సంతకం పెడుతూ పెడుతూ ఆగి
ఏదో అడగబోయింది ఆవిడ.
"ఏం కాదులే" అన్నాను నేనే.