మూడు మూలలు

శృంగవరపుకోటలో ఆఖరి అరకు బస్సు వెళ్లిపోయాక
సగం దించిన షట్టరు కింద నుంచి
ముందు ఒక స్టీలు ట్రే వచ్చింది,
వెనక పెద్దాసుపత్రి నర్సు సిప్పోరా.

"ఓవెన్ ఇంకా వేడిగా ఉందాండీ?"
గుంటూరు వైపు మాట.
ఆమె ఏంటి అంటుంది, మేం ఏటి అంటాం.
మధ్యన ఒక్క సున్న.
ఆ సున్నలో ఒక రాత్రి రైలు ప్రయాణం.

బన్నులు ఇప్పుడే దించాను, ఉంది, అన్నాను.
నా ట్రే జరిపితే తల అడ్డంగా ఊపింది.
"ఏమనుకోకండి, ఇందులోనే."
అనుకున్నాను.
మా అయ్యకి వేరే గ్లాసు పెట్టిన టీకొట్టు గుర్తొచ్చి
కొంచెం గట్టిగానే అనుకున్నాను.
మాంసం, వెన్న ఒకే రేకు మీద కలవకూడదట.
నా ట్రేలేమో పొద్దుట చికెన్ పఫ్‌లవి.
అది నా గురించి కాదని తెలియడానికి
కేజీ మైదా కలిపేంత సేపు పట్టింది.

గసగసాల ధర విని వెనక్కి తిరిగిందట.
బదులుగా భీమాళి మామిడి తాండ్ర,
ముక్కలు కోసి, వేణ్నీళ్లలో నానేసి, మెదిపి,
పలాస జీడిపప్పు నలగ్గొట్టి కలిపింది.
హార్లిక్స్ సీసా మూతతో గుండ్రాలు కోసి
నడుమ చెంచాడు ముద్ద పెట్టి
మూడు వైపులా అంచులు లేపింది.

"కజ్జికాయలాగ మూసీండమ్మా, కారిపోద్ది."
"మూయకూడదండీ.
లోపల ఏముందో కాస్త కనపడాలి."

మొదటి వాయి విచ్చుకుపోయింది.
తాండ్ర ట్రే నిండా పారి నల్లగా మాడింది.
పనికుర్రాడు ముత్యాలు నవ్వాడు.
ఆమె కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ,
పొగకేనేమో.
రెండో వాయికి నేనూ చెయ్యి పెట్టాను.
అంచు నొక్కడం మా అమ్మ నేర్పింది:
గోరుతో కాదు, బొటనవేలి కండతో.
మూలలకి మా అమ్మ మాట, నడుమకి ఆమె మాట.

అవి కాలుతుంటే చెప్పింది.
ఎక్కడో ఒక రాజ్యం. ఒక మంత్రి.
వీళ్లందర్నీ ఒక్క రోజునే చంపించాలని
చీటీలు వేసి ఆ రోజు తేల్చినవాడు.
రాణి కూడా ఆ జనంలోదే, ఎవరికీ చెప్పలేదు,
చెప్పక తప్పని పూట వచ్చేదాకా.
ఇవి ఆ మంత్రి చెవులట.
"చెవులే? తినడవేఁ?" అన్నాడు ముత్యాలు.
"ఏడాదికోసారి. తియ్యగా."
కథ చదివేటప్పుడు వాడి పేరు వస్తే
వినపడకుండా చప్పుడు చేస్తారట.

ముత్యాలు ఖాళీ నూనె డబ్బా అందుకున్నాడు.
ఆమె హామాను అంది. డబ్బా మోగింది.
మళ్లీ అంది. ఈసారి అట్లకాడతో నేనూ.
మంత్రి మీద కోపమని చెప్పలేను.
నెల్లిమర్ల మిల్లు గేటు దగ్గర ఒక పొద్దుట
పనిలో ఉండేవాళ్ల పేర్లు చదివాడొక గుమస్తా.
అందులో మా అయ్య పేరు లేదు.
ఆ గుమస్తా పేరు నాకు తెలీదు,
కాబట్టి ఈ పేరు మీదే కొట్టాను.
ఎదురు మేడ మీంచి ఎవరో
"ఏటిరా ఆ గోల?" అన్నారు.

"మరి ఇల్లుగలావిడకి మీరెవరని చెప్పారేటి?"
"అడగలేదండీ. నా పేరు విని తనే అనేసుకుంది.
డిసెంబర్లో నక్షత్రం కట్టమంది. కట్టాను,
అట్టతో నేనే చేసింది.
ఆరు మొనలది.
ఎవరూ లెక్కపెట్టలేదు."

ఇరుగు పొరుగుకి పంచాలట, లేనివాళ్లకి ముందు.
అడ్డాకుల్లో పొట్లాలు కట్టాం.
బస్టాండు బెంచీ మీద ముసలమ్మ
నిద్ర లేవకుండానే పొట్లం చంకలో పెట్టుకుంది.
పున్నమికి ఒక్క గీరంత తక్కువగా చంద్రుడు.

మర్నాడు పాల ప్యాకెట్టుకొచ్చి
ఇల్లుగలావిడ, సూరీడమ్మ, నిలబడిపోయింది.
"నర్సమ్మకి పండగంట. ఏ పండగో అడగనేదు.
గిన్ని ఒట్టిగా ఇవ్వకూడదని సింతపండేసి ఇచ్చినాను.
లోపలున్నది మన తాండ్రేనేటి?"

మనదే, అన్నాను.

చిల్లర తీసుకుని రెండు మెట్లు దిగి
వెనక్కి తిరిగింది.
"మరి మూడు మూలలేటి?"

లెక్కపెట్టింది.