కలవ

కాగితాల్లో మాది ఇప్పుడు తిరుపతి జిల్లా.
తూపిలిపాళెం నీళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

పోయినేడు బార్జీలో తెచ్చి సిమెంటు దిమ్మెలు ముంచినారు,
బొక్కలు బొక్కలుగా, కప్పు వెయ్యని ఇండ్ల మాదిరి.
నాచు పట్టింది. ఆలిచిప్పలు పట్టినాయి.
ఏడో నెలలో కలవలు కాపురానికొచ్చినాయి.
ఉత్తరాదోళ్ళు దాన్ని బొంత అంటారు. మా పట్టపోళ్ళకి కలవ.
పేరుకు తగ్గట్టే ఎవురితోనూ కలవదు,
సందులో నోరు తెరుచుకోని ఒంటిగా ఉంటాది.

తిరుపతి నుంచి మునికుమారి మేడం వచ్చింది.
నా పడవ అద్దెకి. డీజిలు వాళ్ళదే.
గాలానికి పడ్డ కలవని తొట్లో పండబెట్టి
లవంగనూనె నీళ్ళతో మత్తిచ్చి
పొట్ట కింద వేలెడు కోసి
మాత్రంత యంత్రం లోపలికి తోసింది.
మూడు కుట్లు. మా చెల్లెలి ఆపరేషనుకి కూడా
డాక్టరు అంత పదిలంగా కుట్టలేదు.
నలభై రెండు, అని రాసుకునింది.
నీళ్ళలో దించితే కాసేపు నా అరచేతిలోనే ఉండి
ఒకే ఒక్క తోక విసురు. చొక్కా అంతా తడి.

ఆ మాత్ర నిమిషానికొక తూరి పలుకుతాదంట.
మన చెవికి అందదంట,
దిమ్మెలకి కట్టిన నల్ల గొట్టాలకే.

మా నాయన నాగూరయ్య
తెడ్డు నీళ్ళలో దించి పిడి చెవికి ఆనించేవాడు.
"గొరకలు గొణుగుతుండాయి, దక్షిణానికి పట్టు."
బ్యాటరీ లేదు. ఉత్త కట్టె.
ఆఖరికి ఆ చెవే చెవుడొచ్చింది.
దాన్నే చూపించి నవ్వేవాడు,
సముద్రానికి బాడుగకిచ్చినా, ఇంకా ఖాళీ చెయ్యలేదురా అని.

మూడు నెలలకి గొట్టాలు పైకి తీసినాము.
ఎండకి చున్నీ కప్పుకోని పడవలోనే లాప్‌టాప్ తెరిచింది.
చుక్కలు. వరసగా చుక్కలు.
పగలంతా ఏడో దిమ్మె. పొద్దుగూకితే తొమ్మిదో దిమ్మె.
షార్‌లో రాకెట్టు ఎగిరిన రోజు అసలు కదల్లేదంట.
ఆ రోజు పోలీసులు మమ్మల్నీ కదలనీలేదు.

"ఇది చూడు ఏకాంబరం.
చీకటి రాత్రుల్లో రెండింటికి మాయం.
నాలుక్కి మళ్ళీ వస్తాది. యాడికి పోతుందంటావు?"

నాకు తెలుసు.
లైట్‌హౌసు దీపం మీదికి సెల్‌టవరు ఎర్రదీపం వచ్చేదాకా పోవాల,
నాయన కాలంలో టవరు చోట తాటిచెట్టుండేది.
అక్కడ కింద ఒక రాయి. ఏ పటంలోనూ లేదు.
పోయేముందర నాకు చెప్పినాడు. అన్నకి చెప్పలేదు.

"తెలీదు మేడం," అంటా తాడు చుట్టుకున్నా.

ఆమె ఇంకో గీత చూపించింది, రంపం పళ్ళ మాదిరి.
"ఇది చేప కాదు, రొద. గొట్టం అదీ రాసుకుంటాది.
ఒంటిగంట నలభైకి ఒక ఇంజను. నాలుక్కి అదే ఇంజను.
సింగిల్ సిలిండరు."
తెర మీంచి తల ఎత్తలేదు.
"రొదలో దాని మాట మునిగిందో,
నిజంగానే పోయిందో, నేనెట్లా చెప్పేది?"

రాతి మీదికి పోతానే నేను ఇంజను ఆపేస్తా.
రెండు గంటలూ చీమ చిటుక్కుమనదు.
అంటే నలభై రెండు పోయింది నిజమే.
ఆ ఒక్క మాట చెప్తే ఆమె లెక్క తేలిపోతాది,
నాయన రాయీ తేలిపోతాది.

ఆ కుట్లు చూసినప్పట్నుంచీ
గాలానికి పడిన ప్రతి కలవనీ వెల్లకిలా తిప్పి
టార్చి వేసి పొట్ట తడుముతుండా.
ఇంకా తగల్లేదు.

"ఒక గొట్టం మిగిలింది," అనింది మేడం,
లాప్‌టాప్ మూస్తా.
"యాడ దించుదాం?"

ఇంజను తాడు మీద ఉండిన చెయ్యి తీసి
తెడ్డు అందుకున్నా.