మిద్ది మింద తెల్లకాగితం

వారానికి రెండు తూర్లు
కొర్లగుంట ఇస్కూలు మిద్ది ఎక్కుతా.
రేకు గూడు కింద గురగురమంటా ఉంటాది మిషను,
ఊరి ఊపిరిని పీల్చి పీల్చి
అలవాటైపోయిన ముసలి రొమ్ము మాదిరి.
మూత తీసి, పట్టకారుతో అంచు పట్టుకోని
నిన్నటి కాగితం ఎత్తుతా.
పెట్టేటప్పుడు అది ఇడ్లీ తెలుపు.
తీసేటప్పటికి
దాని రంగుకి పేరు ఉండదు.

మొదట్లో నాకు అంకెలే తెలుసు.
ముందు తూకం, తరవాత తూకం, నడాన తేడా.
ఎనిమిదేండ్లయినాక ఇప్పుడు
కాగితం చూపిస్తే నెల చెప్తా.

ఆడినెల కాగితం ఎర్రమన్ను.
పడమటి గాలి పలమనేరు మలుపులు దిగొస్తా
దోవలో కంకర మిల్లుల్ని తోడు తెచ్చుకుంటాది.
ఆ నెలలో కండ్లు నలుపుకోని మనిషి ఉండడు;
ఏడ్చినోడెవడో, దుమ్ముపడినోడెవడో
బస్టాండులో తెలుసుకోలేం.

కార్తీకం కాగితం దాదాపు ఖాళీ.
తుపాను మూడు దినాలు కొట్టి వెలిసిన పొద్దున
కొండ రోడ్డు దాటి ఇవతలికొచ్చి నిలబడినట్టుంటాది.
కపిలతీర్థం దూకేది
మిద్ది మింద నించే తెల్లగా అగుపిస్తాది.
ఇంత తెల్లకాగితాన్ని మార్చాల్నా వద్దా అని
రొంతసేపు ఆడే నిలబడతా.
ఆఫీసులో జ్ఞానశేఖర్ సారుకి అనుమానం:
"అసలు మిషను ఆన్ చేసినావా?"

ధనుర్మాసం అట్ల కాదు.
చలికి పొగ పైకి లేవదు,
తాగినోడి మాదిరి వీధిలోనే పండుకుంటాది.
చిత్తూరు దోవ పొడుగునా బెల్లం పొయ్యిలు మండతా ఉంటాయి.
ఆ వారం కాగితాన్ని ముక్కు కాడ పెట్టుకుంటే
నిజంగానే తీపి వాసన.
తీపి కూడా తూకానికొస్తాదని
నాకు ట్రైనింగులో ఎవురూ చెప్పలేదు.

ఇస్కూలు గేటు కాడ ధనకోటమ్మ ఇడ్లీ అంగడి.
మూడు గంటలకే పొయ్యి ముట్టిస్తాది:
తుమ్మ పుల్లలు, యాపిల్ పెట్టెల చెక్కలు,
అంటుకోకుంటే రెండు పాల కవర్లు.
ఆ పొగ తిన్నగా లేచి
నా రేకు గూట్లో తల దూరుస్తాది.
"పొయ్యి తీయించు, మన లెక్క చెడిపోతా ఉండాది"
అన్నాడు సారు.
అది చెప్పేదానికే మిద్ది దిగినా.
నాలుగు ఇడ్లీలు పెట్టి
కారంపొడి గుంతలో నూనె పోసింది.
తిన్నా.
కవర్లో ఉండే నల్లకాగితాన్ని వంగి చూసి అడిగింది:
"దీన్నయితే వారానికి రెండు తూర్లు మారుస్తావు కదప్పా,
నా లోపలుండేదాన్ని ఎవురు మార్చాల?"
దగ్గింది. దగ్గుని కొంగులో పట్టుకోని
విప్పి చూసుకోకుండానే మడిచేసింది.
చెప్పాల్సింది చెప్పలేదు నేను.
చట్నీ ఇంకొంచెం పోయించుకున్నా.

ఎండాకాలం కొండ అంటుకుంటాది.
రాత్రిపూట దూరం నించి
శేషాచలం నడుముకి ఎర్ర మొలతాడు కట్టినట్టుంటాది.
రైలు దిగినోళ్లు దీపాలనుకోని
చేతులెత్తి దండం పెట్టుకుంటారు.
తెల్లారి మిద్ది నిండా బూడిదరేకులు,
ఈనెలు చెరక్కుండానే కాలిన ఆకులు,
తాకితే ఏమీ మిగలదు.
ఆ కాగితంలో బస్సుల నలుపు ఉంటాది,
చెత్తకుప్ప ఉంటాది,
నా స్కూటరు ఉంటాది,
యాడో ఒక ఉడుము, పేరు తెలీని గడ్డి.
ఏది ఎంతని అడిగితే
తక్కెడ ఒక్క అంకె చెప్పి ఊరుకుంటాది.

ఈ తూరి మాఘంలో తూకం తగ్గింది.
ఒక దినం కాదు, వరసగా మూడు వారాలు.
సారు నా భుజం తట్టినాడు,
పైకి పంపించే కాగితంలో ఎర్రసిరాతో గీత కొట్టినాడు.
రిజిస్టరులో 'కారణం' అని ఒక గడి ఉంటాది.
వాన అనో, పండగ అనో
ఇన్నేండ్లూ ఆలోచించకుండా రాసేసినా.
వాన పడలేదు. గాలీ మారలేదు.
ధనకోటమ్మ రుయా ఆస్పత్రిలో
పైపు మూతికి పెట్టుకోని
రోజుకి నాలుగు తూర్లు
మందు పొగ పీలుస్తా ఉండాది.

పెన్సిలు పట్టుకోని పిట్టగోడ కాడ నిలబడినా.
కింద గేటు పక్కన మూడు రాళ్లు,
నడాన మెత్తటి పాత బూడిద.
పొద్దు ఎనిమిదైనా
పొయ్యిలో పిల్లి లేవలేదు.