ఏడు నిమిషాలు

ముసఫ్ఫాల ఎండకాలం
చన్నీళ్ల నల్లా తిప్పితే
మిద్దె మీది ట్యాంకుల ఉడికిన నీళ్లు దూకుతయ్.
గీజరు బంద్ పెట్టి, అండ్ల నిలువున్న నీళ్లనే
చల్లటివని వాడుకుంటం.
ఉల్టా దేశం, ఏం జేస్తం.

ఎనిమిది మందికి ఒక బాత్రూం.
నా వంతు నాలుగు పదికి.
నాలుగు పదిహేడుకు గుల్‌జమీన్ తలుపు కొడతడు,
ఒక్కసారే, మర్యాదగ.

ముందుగాల చేతులు కడుగుత.
గిది ఎవ్వరు చెప్పరు,
మొఖానికంటె ముందు చేతులని.
నిన్నటి గ్రీజు గోర్ల సందుల ఉంటది,
దాన్ని తీస్కపోయి చెంపకు రాస్తే
చెంప ఊకుంటదా?

అద్దం పగిలి పావు భాగమే మిగిలింది.
ఒకసారి గదువ, ఒకసారి నొసలు.
మొత్తం మొఖం ఒక్కతాన చూసుకోక
ఏడాదిన్నరైంది.

మొదట్ల బట్టల సబ్బే మొఖానికి.
పొక్కులు పోవాలని గట్టిగ రుద్దిన,
నిమ్మకాయ పిండిన, టూత్‌పేస్టు పూసిన,
ఎవడేం జెప్తే అది.
హెల్మెట్ పట్టీ కింద గదువంత
ఎర్రజొన్న గింజలు చల్లినట్టు.

ఒకనాడు గేటు కాడ హాజరీ మిషిను
నన్ను చూసి ఎర్రలైటు వెట్టింది.
మళ్ల నిలబడ్డ. మళ్ల ఎర్రదే.
వెనుక లైను గొణుగుతున్నది.
పాస్‌పోర్టు వాళ్ల తాన, మొఖం నా తాన,
రెండు కలుస్తలేవు.
సగం రోజు జీతం కోసిన్రు.

మందుల దుకాణం నౌఫల్, కేరళాయన,
హిందీల మెల్లగ చెప్పిండు:
"భాయ్, నువ్వు దాంతోని కొట్లాడుతున్నవ్.
బంద్ చెయ్."

అప్పటి సంది కొట్లాట లేదు.
నురుగు తక్కువ సబ్బు, వేలికొసలతోటి,
ఏసీ డబ్బా మీది పావురం గుడ్డును ముట్టినట్టు.
తువ్వాలతోటి రుద్దుడు లేదు, అద్దుడే.
తడి ఆరకముందే తెల్ల క్రీము.
జిడ్డు మొఖానికి మళ్ల క్రీమేందని నేను గూడ అడిగిన.
ఆకలైనోడే ఎక్కువ వండుకుంటడు గద, అన్నడు.
ఆఖరుకు ఎండకు అడ్డంగ ఇంకో పూత,
రెండు వేళ్ల పొడుగు, చెవులు మర్వకుండ.

"బూడిద పూసుకొని సామి ఎల్లిండు"
కింది మంచం మీంచి లింబాద్రన్న నవ్వుతడు.
నవ్వనీ.
వీడియో కాల్ జేసేటప్పుడు
ట్యూబులైటు ఈపుకు వెట్టుకొని కూసునెటోణ్ని,
ఆయనకేం ఎరుక.

రాత్రి మందు కందిగింజంత. గంతే.
రెండు గింజలైతే రెండింతలు జల్ది తగ్గుతదనుకుంటే
తోలు లేస్తది, లేసింది గూడ.
పన్నెండు వారాలు ఆగాలె అన్నడు నౌఫల్.
ఆగుడు మాకు కొత్తనా,
వీసాకు ఆగినోళ్లం, సెలవుకు ఆగుతున్నోళ్లం.
మిషిను కొన్ని దినాలు పచ్చ, కొన్ని దినాలు ఎర్ర.

మొన్న ఆదివారం, లైట్లు ఆర్పినంక
లింబాద్రన్న నా మంచం కాడికొచ్చి నిలబడ్డడు.
వెల్డింగు సెగకు ముక్కు పక్కలంత కమిలింది.
"గా ట్యూబు... ఉన్నదారా?"
రాత్రి మందు నీకు కాదు, ఉత్త క్రీమే అన్న.
పోయి చేతులు కడుక్కొచ్చిన.
గడ్డం పట్టి, మొఖం కిటికీ దిక్కు తిప్పి
చుక్కలు చుక్కలు పెట్టి పరిచిన.
యాభై ఏండ్ల మనిషి
కండ్లు మూసుకొని, ఊపిరి బిగవట్టి,
"ఎవరన్న మొఖం ముట్టక ఎన్నేండ్లాయెనో" అన్నడు.
నేనేం అనలే.
ఎడమ చెంప మిగిలింది. పూసిన.

ఇప్పుడు నాలుగు పదికి
ఇద్దరం జొరబడుతం.
పావు అద్దంల ఆయన ముక్కు, నా గదువ.
రుద్దకన్నా, అద్దు, అంటనే ఉంట.
అయినా రుద్దుతడు.
బయట గుల్‌జమీన్ ఒక్కసారే కొడతడు.