తొంభై నిమిషాలు

పెట్రోలు బంకులో రాసిచ్చిన చీటీకి
మూడు పగళ్ళు, రెండు రాత్రులు తగిలాయట.
"మేడమ్ కూడా రావాలి సార్, అదొక్కటే షరతు."

బీచ్ రోడ్డు హోటల్లో రెండో అంతస్తు.
సముద్రం వైపు కిటికీలకి తెరలు దించేసి
గోడ మీద ఇంకో సముద్రం వేస్తున్నారు.
ఎవరు సంతకం పెట్టినా
గంట, చప్పట్లు.

మా టేబుల్ కుర్రాడి బ్యాడ్జీ మీద నిఖిల్,
ఇంటి నుంచి ఫోనొస్తే తవిటినాయుడు.
మేం వెళ్ళని ఊళ్ళన్నీ కూడి, హెచ్చవేసి
కింద రెండు గీతలు గీశాడు.
షిప్‌యార్డులో ఇరవై ఏడేళ్ళు వెల్డింగు చేసినా
నా బతుకుని అంత పెద్ద అంకెలో చూళ్ళేదు.

వరాలు సమోసా తుంచుతూ అడిగింది:
"నువ్వెల్నావేటి బాబూ, ఎప్పుడైనా అక్కడికి?"
గంట మోగింది.
అతను చప్పట్లు కొట్టడం మర్చిపోయాడు.

వద్దని ఏడుసార్లు అన్నాం.
ఎనిమిదోసారికి మేనేజరొచ్చాడు.

చివరికి తవిటినాయుడే కవరు తెచ్చి
లిఫ్టు దాకా నడిచొచ్చి, గొంతు తగ్గించి
"శని ఆదివారాలు చెల్లదండి,
పండగలకీ చెల్లదు" అన్నాడు.

రోడ్డు దాటి ఇసకలో కూచున్నాం.
వరాలు ఆ కాగితాన్ని పొట్లంలా చుట్టి
మురీ మిక్చరు వాడి ముందు పట్టింది,
నిమ్మకాయ ఇంకాస్త పిండమంటూ.