సవరణ చీటీలు

తంబుచెట్టి వీధిలో మూడో అంతస్తు.
ఫ్యాను ఉంది గానీ
కాగితాలు లేస్తాయని వేయం.
ఇరవై రెండేళ్లుగా నా పని ఒకటే,
ఏ సరుకు ప్రమాదమో, ఎంత ప్రమాదమో
ఓడ ఎక్కేలోపు ఫారం మీద రాయడం.

పని నేర్పింది యతిరాజులు నాయుడుగారు.
ఆ లావుపాటి పుస్తకాన్ని ఆయన పంచాంగం అనేవారు.
సవరణ వచ్చినప్పుడల్లా
మైదా ఉడికించి జిగురు చేయించి
పాత వాక్యం మీద కొత్త చీటీ అతికించేవారు,
అంచు పైకి లేవకుండా గోటితో నొక్కి.
అతికీ అతికీ పుస్తకం
నానిన శనగలా ఉబ్బింది.
బొద్దింకలకు ఆ జిగురంటే ప్రాణం.
ఒక ఏడాది ఆమ్లాల పేజీ సగం తినేశాయి.
"చూశావా కనకవల్లీ,
నీకంటే శ్రద్ధగా చదువుతున్నాయి" అన్నారు.

ఇప్పుడు జిగురు లేదు, నాయుడుగారూ లేరు.
రెండేళ్లకోసారి కొత్త పుస్తకమే దిగుతుంది.
పాతదానికి ఇంకో ఏడాది ఊపిరి ఉంటుంది.
ఆ ఏడాది రెండు పుస్తకాలూ నిజమే.
రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు,
మాకు జీతమిచ్చేదే అందుకు.

పెయింటు డబ్బా నంబరు
నిద్రలో లేపి అడిగినా చెబుతాను, పన్నెండు అరవై మూడు.
మా ఇంటాయన ఫోన్ నంబరు చూసి చెప్పాలి.

మొన్న కాంగేయం నుంచి సెంగోడన్ వచ్చాడు.
కొబ్బరి చిప్పల బొగ్గు, పద్దెనిమిది టన్నులు.
పరీక్ష కాగితం ఒకటి జత చేస్తే
ఇన్నాళ్లూ మామూలు సరుకుగా వెళ్లిపోయేది,
టీపొడిలా, దుప్పట్లలా.
ఈసారి ఆ వెసులుబాటు ఎత్తేశారు.

"నిన్నటి బొగ్గే కదమ్మా" అన్నాడు అరవంలో.
నిన్నటి బొగ్గే.
"మరి రాత్రికి రాత్రి దానికేం పట్టింది?"

చదివి వినిపించాను.
కాల్చాక పద్నాలుగు రోజులు ఆరబెట్టాలి.
సంచికెత్తే నాడు వేడి నలభై దాటకూడదు.
పెట్టె కప్పుకీ సంచులకీ మధ్య అడుగు ఖాళీ వదలాలి.

"నలభయ్యా?" నవ్వాడు.
"మే నెలలో మా ఊళ్లో నీడే నలభై ఉంటుంది."
కాసేపాగి,
"పద్నాలుగు రోజుల షెడ్డు అద్దె ఎవరిస్తారమ్మా,
పుస్తకం ఇస్తుందా?"

నాకు జవాబు లేదు. టీ తెప్పించాను.

అతనికి చెప్పలేదు గానీ,
ఎక్కడో నడిసముద్రంలో
ఎవరూ ముట్టించని పెట్టె ఒకటి
లోపల్నించి తానే రాజుకుని ఉంటుంది.
కొన్నాళ్లకు ఇంకొకటి.
ఆ ఓడల పేర్లు మా పంచాంగంలో ఉండవు.
ప్రతి కొత్త వాక్యం కిందా
ఎవరో నావికుడు గొట్టం లాక్కుంటూ పరుగెత్తిన రాత్రి ఉంటుంది,
అంచు పైకి లేవకుండా నొక్కేసి.

నివురుగప్పిన నిప్పని మనవాళ్లు ఏనాడో అన్నారు.
ఊది చూడమని నియమం రాయడానికే
ఇంతకాలం పట్టింది.

పదహారో రోజు మనలి యార్డుకి నేనే వెళ్లాను.
ఉప్పుగాలి, డీజిలు పొగ,
ఎన్నూరు దారి పొడుగునా ఆగిన లారీలు.
పళనివేలు గుర్తులు అంటిస్తున్నాడు,
పైసగం తెలుపు, కిందిసగం ఎరుపు.
మూడు నెలలు సముద్రంలో మునిగినా
ఆ గుర్తు చెరగకూడదు.
అది మాత్రం నేను చేరిన నాటినుంచీ మారలేదు.

సెంగోడన్ దూరంగా నిలబడి చూస్తున్నాడు,
తన పిల్లని ఎవరో పరీక్ష చేస్తున్నట్టు.

ఒక సంచి మీద అరచెయ్యి పెట్టాను,
జ్వరం చూసినట్టు.
ఏమీ తెలియలేదు.
థర్మామీటరు గుచ్చాను.
ముప్పై ఏడు.

నా ఒళ్లూ అంతే.