చెక్కుబందీ

ఏప్రిల్లో కాలవ కట్టేశాక
రేవులో అట్టడుగు మెట్టు బయటపడుతుంది.
దాని డొక్క మీద పదకొండు పంక్తులు.
నలభై రోజులే గడువు.
లాకులెత్తారంటే మళ్ళీ వేసవి దాకా
ఆ మాటలు చేపలవి.

ఈ మట్టిలో రాయి పుట్టదు.
తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసుక,
ఆ కింద ఉప్పునీళ్ళు.
ఇక్కడున్న ప్రతి రాయీ
ఎగువ కొండల నుంచి పడవెక్కి వచ్చిందే:
రోలూ, పొత్రమూ, దేవుడూ.

నేను పండితుణ్ణి కాను.
రామచంద్రపురంలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల షెడ్డులో దస్తావేజులు రాస్తాను.
తూర్పు ఫలానావారి వరిచేను,
దక్షిణం పంటబోదె,
పడమర డొంక.
ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఇదే నా వాక్యం.

గట్టు తగాదాలో పళ్ళాలు అనే రైతు
"ఇది హద్దురాయేమో చూడండి" అని నన్ను దింపాడు ఆ బురదలోకి.
చూశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు.
కానీ అచ్చం మావాళ్ళ వరసే:
మధ్యమధ్య ఆగి, ఊపిరి తీసుకుని,
నాలుగు దిక్కులా తిరిగి చెప్పడం.
వెయ్యేళ్ళ అవతల
నా పనివాడే ఒకడు
చెమట తుడుచుకుంటున్నట్టు.

ఆ లిపి పట్టుబడడానికి నాలుగేళ్ళు.
అందులో ఒక అక్షరం ఇప్పుడు ఎవరి నోట్లోనూ లేదు.
రాత్రిళ్ళు షెడ్డులో ఒక్కణ్ణే
నాలుక మడిచి దాన్ని పలికేవాణ్ణి.
బయట కుక్క చెవులు రిక్కించేది.

తర్వాత జనం చేరారు.
పీహెచ్‌సీ నర్సు ఎస్తేరు రాణి,
డీజిలింజన్లు బాగుచేసే గనీ,
పీచు మిల్లు గుమాస్తా, ఇద్దరు డిగ్రీ పిల్లలు.
రెండో ఆదివారం కలిసేవాళ్ళం.
తడికాగితం పరిచి, కుంచెతో బాది,
సిరా అద్దుతుంటే
నల్లటి నేల మీద తెల్లటి పలుకులు లేచేవి.
ఎస్తేరు ఊపిరి బిగబట్టి చూసేది,
పురుడు పోసేటప్పటిలా.

ఏడో పంక్తిలో "పుట్ట" అని చదివాను నేను.
తూర్పుహద్దు పుట్ట అన్నాను.
కొబ్బరితోట చివర దిబ్బ చూపించి
"అదే కావొచ్చు" అన్నాను.
రెండేళ్ళకి ఆ "కావొచ్చు" రాలిపోయింది,
ఎప్పుడో నేనే చూసుకోలేదు.
నాలుగు పేజీల జెరాక్స్ వేసి పంచాను.
నాగులచవితికి ఎవరో అక్కడ పాలు పోశారు.
పళ్ళాలు చిన్న గుడి కట్టిస్తానని
చందా పుస్తకం కూడా అచ్చేయించాడు.

తొమ్మిదో వేసవి. పొద్దు వాలింది.
గనీ టార్చిని పక్కవాటుగా పట్టి
బొటనవేలితో ఏడో పంక్తి తడిమాడు.
బోరు అరిగిందో లేదో చూసే వేలు అది.
"గీత కాదండి ఇది, గాటు.
గీతైతే జారిపోద్ది.
ఇక్కడ ఉలి దిగి, ఆగి, వంపు తిరిగింది."
తర్వాత మెల్లగా,
నవ్వకుండా,
"పుట్ట మీద గుడి ముందే ఉందండి."

పుట్ట కాదు. పుట్టి.
ముందున్న అరిగిన రెండక్షరాలూ అంకె.
హద్దు కాదది, విత్తనం:
ఇన్ని పుట్ల గింజలు పట్టే నేల అని
ఎవరో ఎవరికో ఇచ్చిన మాట.
నేను లేని పుట్ట పోసి
అందులోకి పామును తోలాను.

నలభై మూడు పోస్టుకార్డులు రాశాను.
"తప్పు నాది. దిద్దినది గనీ."
రాసేటప్పుడు చెయ్యి సిగ్గుపడింది,
మూడోకార్డు దాకా.
పళ్ళాలు కార్డు పట్టుకుని షెడ్డుకొచ్చాడు.
"ఆయ్, మీరు చదివింది తప్పేనండి.
పాము మాత్రం ఉందండి."

లాకులెత్తారు. నీళ్ళు వచ్చిన రోజు వెళ్ళాను.
పదకొండో పంక్తిలో చెక్కినవాడి పేరు,
మొదలు విరిగి
"ఓజు" అన్నంత మటుకే మిగిలింది.
అదే ముందు మునిగింది.
పై మెట్టు మీద ఎవరో దుప్పటి బాదుతున్నారు.

మర్నాడు ఒకాయన అమ్మకం రాయించుకోవడానికొచ్చి
"ఉత్తరం తుమ్మచెట్టు, వెయ్యండి" అన్నాడు.
పెన్ను మూత పెట్టాను.
"ఆ చెట్టు ఉందా? మీరు చూసి ఎన్నాళ్ళయింది?"
ఆయన నా వంక వింతగా చూశాడు.
నేను సైకిలు తాళం వెతుక్కుంటున్నాను.